నాన్న రాయైపోతే

స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కిరీటం దాకా ఎక్కనిస్తారు గానీ, చేతిలోని కాగడా దాకా ఎక్కనివ్వరు. 1916 నుంచీ అంతే. జెర్సీ సిటీలో కాపురముండే తెలుగువాళ్ళకి, వచ్చిన చుట్టాలందరినీ ఫెర్రీ ఎక్కించి ఆ విగ్రహం చూపించుకు రావడం తప్పని డ్యూటీ. ప్రతివాళ్ళూ మెడ పైకెత్తి, "మరి పైకెందుకు పోనివ్వరమ్మా?" అని అడుగుతారు.

జవాబు మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. ఆ ఏడు జూలై 30న, రాత్రి రెండు దాటాక, ఇప్పుడు లిబర్టీ స్టేట్ పార్క్ ఉన్నచోట బ్లాక్ టామ్ అనే రేవులో మందుగుండు పేలింది. యూరప్ యుద్ధంలో మిత్రపక్షాలకి పంపడానికి పోగేసిన సరుకది. నిప్పు పెట్టింది జర్మనీ ఏజెంట్లు. నీళ్ళకి అవతల మన్‌హట్టన్‌లో అద్దాలు పగిలాయి, విగ్రహం చేతికి దెబ్బ తగిలింది. నష్టపరిహారం తగువు సాగి సాగి, జర్మనీ చివరి వాయిదా కట్టేసరికి 1979 వచ్చింది. మన సివిల్ కోర్టులనే ఎందుకు ఆడిపోసుకుంటామో!

చరిత్రలో ఆ గొడవ అలా తెమిలింది. కామిక్స్ వాళ్ళు మాత్రం దాన్ని పట్టుకుని ఓ వంశాన్నే సృష్టించారు. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి బడిలో బ్లాక్ టామ్ మీద ప్రాజెక్టు చేస్తూ ఆ వంశాన్ని తవ్వి తీసింది.

1940 జనవరి తేదీతో వచ్చిన 'పెప్ కామిక్స్' మొదటి సంచికలో 'ది షీల్డ్' అనే హీరో పుట్టాడు. కథ హ్యారీ షార్టెన్‌ది, బొమ్మలు అర్వ్ నోవిక్‌వి. అమెరికా జెండాని ఒంటికి తొడుక్కుని దిగిన మొదటి కామిక్ వీరుడు అతనే. కెప్టెన్ అమెరికా వచ్చింది ఆ తర్వాత ఏడాదికి. కెప్టెన్ మొదట పట్టుకున్న డాలు మూలలు తేలి, షీల్డ్ ఛాతీ మీది కవచంలా కనిపించేది. షీల్డ్‌ని వేసే కంపెనీ పేచీ పెట్టడంతో, రెండో సంచికలో గుండ్రటి డాలు ఇచ్చారు. ఈనాడు పిల్లల బ్యాగుల మీద, నీళ్ళసీసాల మీద కనిపించేది ఆ పేచీలో పుట్టిన డాలే.

షీల్డ్ అసలు పేరు జో హిగిన్స్. తండ్రి టామ్ సైన్యంలో అధికారి. మనిషికి అమానుష బలమిచ్చే ఫార్ములా ఒకటి తయారుచేస్తూ, బ్లాక్ టామ్ పేలుడులో పోయాడు. పోయినవాడి మీదే తప్పంతా వేశారు. కొడుకు పెరిగి పెద్దవాడై, ఆ ఫార్ములా పూర్తిచేసి, తన ఒంటి మీదే ప్రయోగించుకుని, నాన్న పేరు మీది మచ్చ తుడిచాడు. నాకు నచ్చిన సంగతి అది. జెండా రంగుల బట్టలు, దేశభక్తి అంతా తర్వాత. ముందు, ఊరు తన తండ్రిని మాటంటే పడలేని ఓ కొడుకు. అలాంటి కుర్రాళ్ళు మా ఏలూరు పవర్‌పేటలో వీధికొకడు ఉండేవాడు, ఫార్ములా లేకుండానే.

కొన్నేళ్ళకి ఆ బొమ్మల కథలు ఆగిపోయాయి. 1965లో మళ్ళీ మొదలెడదామనుకుంటే పాత హీరో వయసు అడ్డొచ్చింది. ఒక దుష్టుడు జో హిగిన్స్‌ని రాయిగా మార్చేశాడని, అతని కొడుకు బిల్ ఆ వేషం వేసుకుని షీల్డ్ అయ్యాడని రాశారు. తాత బాకీ తండ్రి తీర్చాడు, తండ్రి వేషం కొడుకు తొడిగాడు. నాన్నేమో రాతిబొమ్మై నిలబడి ఉన్నాడు.

"కూతురుంటే ఇచ్చేవాళ్ళా అమ్మా?" అంది మా అమ్మాయి.

ఇచ్చేవాళ్ళు కాదు. 2015లో షీల్డ్ వేషం విక్టోరియా ఆడమ్స్ అనే ఆడమనిషికి దక్కింది గానీ, హిగిన్స్‌ల ఇంటి బిడ్డగా కాదు. నా చిన్నప్పటి ఫాంటమ్ సంగతీ అంతే. అన్నయ్య ఏలూరు స్టేషన్‌లో కొనుక్కొచ్చిన ఇంద్రజాల్ కామిక్స్‌ని మేము వేసవి సెలవుల్లో కొల్లేటి ఒడ్డున అమ్మమ్మగారి ఊళ్ళో, తాటిదోనెలో కూర్చుని చదివేవాళ్ళం. పుర్రె మీద ప్రమాణం చేసి, తండ్రి ముసుగు కొడుకు వేసుకుంటూ ఇరవయ్యొక్క తరాలు నడిచిన కథ. ఆ ఇరవయ్యొకటో ఆయనకి కవలలు పుట్టారు, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. వారసుడనగానే అందరి చూపూ పిల్లాడి మీదికే. నేను అప్పుడే అన్నయ్యతో దెబ్బలాడాను. వాడు పుస్తకం లాక్కున్నాడు, దోనె ఒరిగింది, ఇద్దరికీ వీపులు చిట్లాయి.

మా ఇంట్లో కూడా ఒక వేషం తరం నుంచి తరానికి దిగింది. అల్లూరి సీతారామరాజు వేషం. ఆగస్టు పదిహేనుకి బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పెడితే మగపిల్లల్లో సగంమంది రామరాజులే వచ్చేవారు. కృష్ణ సినిమా 1974లో వచ్చిన దగ్గర్నుంచి ఏలూరులో ఆ జబ్బు తగ్గలేదు. అన్నయ్య కోసం అమ్మ పాత ధోవతికి కాషాయం అద్దింది. గడ్డానికి గోగునార. దాన్ని నల్లరంగులో ముంచి, ఆరబెట్టి, తుమ్మజిగురుతో చెంపలకి అంటించేది. జిగురు ఎండేకొద్దీ చర్మం లాగేసేది, స్టేజీ ఎక్కేలోగా రామరాజుగారు బుగ్గలు గోక్కుని సగం గడ్డం ఊడదీసుకునేవారు. అమ్ములు మాత్రం అసలైనవి. కొల్లేట్లో నిలువెత్తున పెరిగే కిక్కిసని కొడవలితో కోసి, నీడన ఆరబెట్టి పంపేది అమ్మమ్మ. తేలిగ్గా, నిటారుగా, వదిలితే సర్రున పోయేవి. నాకు ఎప్పుడూ భరతమాతే. కదలకుండా నిలబడి కిరీటం మోయాలి.

ఆ విల్లు అటక మీద ఉండి ఉండి మేనల్లుడి చేతికొచ్చింది. అమ్ములకి కిక్కిస దొరకలేదు. అమ్మమ్మగారి ఊరి చుట్టూ చేపల చెరువులు తవ్వేశారు. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించిందన్నారు, తర్వాత మళ్ళీ కొన్ని లేచాయన్నారు. వాడి అమ్ములు ప్లాస్టిక్‌వి. ఈలోగా వాడు 'ఆర్ఆర్ఆర్' చూశాడు. అందులో అజయ్ దేవగణ్ తుపాకులు నేర్పే తండ్రి, రామ్‌చరణ్ ఆయన ఆశయాన్ని మోసే కొడుకు. అచ్చం హిగిన్స్‌ల పద్ధతే. అసలు రామరాజు తండ్రి వెంకటరామరాజుగారు ఫోటోగ్రాఫరు, రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఆ పని చేశారు, కొడుకు చిన్నతనంలోనే పోయారు. సినిమా వాళ్ళకి కెమెరా ఆనలేదు, తుపాకీ ఇచ్చారు.

ఒక్క విషయంలో మాత్రం అమెరికా వీరుడికీ మన వీరుడికీ పొంతన లేదు. షీల్డ్ ఎవరన్నది ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గార్ హూవర్. దేశభక్తుడి గుట్టు పోలీసు పెద్దాయన జేబులో! రామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డాడు. పట్టుకుపోయిన తుపాకుల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టాడు. ముసుగు లేదు, మారుపేరు లేదు. తెల్లవాడి కొలువులో ఉన్న పోలీసుకి దొరక్కుండా తిరగడమే మన దగ్గర దేశభక్తి. ఇది మా అమ్మాయికి విచిత్రంగా తోచింది. "అయితే ఆయన పోలీసులకి విలనా?" అంది. అవును మరి. ఇక్కడ పుట్టిన పిల్లకి జెండా, పోలీసు ఒకే పక్షం. దాని జెండా ఈ నక్షత్రాలదే, అందులో నాకు దిగులు లేదు. ఆగస్టులో ఓక్ ట్రీ రోడ్డు పరేడ్‌లో మూడు రంగులు ఊపుతుంది, ఇంటికొచ్చి ఐస్‌క్రీం తింటుంది.

ఇక ఆ రాయి సంగతి. ఏలూరులో రామరాజు పేరుతో స్టేడియం ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆయన పేరున జిల్లాయే వచ్చింది. అదే ఏడు జూలై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. మా గోదారి జిల్లాల్లో విగ్రహం లేని సెంటరు ఉంటే ఆటోవాడికి దారి చెప్పడం కష్టం. దండేస్తాం, కాకులు వాలతాయి, ఎన్నికలప్పుడు కడుగుతాం. కామిక్‌లో నాన్నని రాయి చేసింది దుష్టుడు. మన దగ్గర అదే పనిని చందాలేసుకుని, మైకు పెట్టి చేస్తాం. షీల్డ్ కథ రాసేవాళ్ళు పద్ధెనిమిదేళ్ళో ఎంతో ఊరుకుని, 1980ల్లో జోని రాయిలోంచి మళ్ళీ మనిషిని చేశారు. మనకి ఆ ఆలోచన రాదు.

భీమవరం సభ ఇక్కడ మాకు అర్ధరాత్రి. నిద్ర మానుకుని చూసినదాన్ని గనక చెబుతున్నాను, ఆ 30 అడుగుల కంచు కన్నా నాకు గుర్తున్నది చక్రాల కుర్చీలో కూర్చున్న తొంభయ్యేళ్ళ పెద్దావిడ. పసల కృష్ణభారతి. ప్రధాని వంగి ఆవిడ పాదాలకు నమస్కరించారు. మా గూడెం మనిషి! నాన్నగారి సొంతూరు తాడేపల్లిగూడెం కావడంతో ఆ ఇంటిపేరు నేను వింటూ పెరిగిందే. ఆవిడ తల్లిదండ్రులు పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి. గూడెం తాలూకా పశ్చిమ విప్పర్రు వాళ్ళు. 1921లో గాంధీ బెజవాడ వచ్చినప్పుడు ఇద్దరూ కాంగ్రెస్‌లో చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. 1932లో భీమవరంలో సర్కారు ఆఫీసు మీద కాంగ్రెస్ జెండా ఎగరేసిన వాళ్ళలో వాళ్ళున్నారు. భీమవరాన్ని రెండో బార్డోలీ అన్నది ఆ రోజుల్లోనే. అంజలక్ష్మి గర్భంతో ఉండగా జైల్లో పెట్టారు. కృష్ణభారతి జైల్లోనే పుట్టింది.

ఆ తల్లి కూతురికి ఏ దుస్తులూ దాచిపెట్టలేదు, ఫార్ములా రాసివ్వలేదు. కూతురు గాంధేయవాదిగా బతికి, 2025 మార్చిలో కన్నుమూసింది. అమ్మ నుంచి కూతురికి దిగిన ఈ కథని ఎవరూ బొమ్మల పుస్తకం చెయ్యలేదు. చేస్తే నేను మా అన్నయ్య మొహాన కొడతాను.

షీల్డ్ బొమ్మల్లో నాజీలతో తలపడుతున్న ఆ యుద్ధం రోజుల్లోనే గూడెంలో తెల్లవాళ్ళు విమానాల కోసం రన్‌వే వేశారు. నాన్న నాకు సైకిలు నేర్పింది దాని మీదే. ఉల్లిపాయల మార్కెట్‌లో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, ఇప్పటికీ పొద్దున్నే నడకకి అటే వెళతారు. ఈ సంగతులన్నీ విన్న మా అమ్మాయి, ప్రాజెక్టులో కృష్ణభారతిని కూడా పెడతానని తాతయ్యకి వీడియో కాల్ చేసింది. ఆయన నడక మధ్యలో ఆగి, ఫోను మరీ మొహానికి దగ్గరగా పెట్టుకున్నారు. మాకు నుదురు మాత్రమే కనిపిస్తోంది.

"తాతయ్యా, ఆవిడకి పవర్ ఏంటి?"

"జైల్లో పుట్టి తొంభై దాటి బతికిందే పిల్లా, ఇంకేం పవర్ కావాలే నీకు?"

"అది పవర్ కాదు తాతయ్యా, ఆరిజిన్ స్టోరీ."

ఆరిజిన్ స్టోరీ అంటే ఏంటో నేను మధ్యలో దూరి చెప్పబోతుంటే, ఆయన అప్పటికే గూడెంలో ఉల్లిపాయ బస్తా ఎంత పలుకుతోందో చెప్పడం మొదలెట్టారు.