తేదీ సాక్ష్యం చెప్పింది

సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చివరిదాకా చదవండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇటుకల పండక్కి పాడేరు దగ్గర మా ఊరెళ్లి వారం రోజులున్నా. తిరిగి హైదరాబాద్ వచ్చాక నెలాఖరు డేటా లోడ్ ఆగిపోయింది. ఒక టేబుల్‌లో పేరు కాలమ్ సైజు ఎవరో తగ్గించేశారు. ఎప్పుడు తగ్గించారో ఎవరికీ తెలీదు. "కొత్తవాడు కదా, వాడే కెలికుంటాడు" అన్నారు, నా ఎదురుగానే. నాకు గొంతు పెగల్లేదు.

సీటుకొచ్చి కూర్చుంటే గుర్తొచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్ డాట్ టేబుల్స్ అని ఉంటుంది. అందులో ప్రతి టేబుల్‌కీ రెండు తేదీలు. క్రియేట్ డేట్ అంటే టేబుల్ పుట్టిన రోజు. మాడిఫై డేట్ అంటే దాని నిర్మాణం చివరిసారి మారిన రోజు. మనం రోజూ వేసే, తీసే రికార్డుల వల్ల అది మారదు. తీసి చూస్తే, నేను పండక్కి ఊళ్లో ఉన్న వారంలో ఒక రాత్రి 11 గంటలకు మారినట్టుంది. మా ఊళ్లో అప్పటికి ఫోన్ సిగ్నలే లేదు! సార్‌ని పిలిచి చూపించా. ఆయన ఇంకేం మాట్లాడలేదు. సారీ కూడా చెప్పలేదు.

అలాగని ఆ తేదీని గుడ్డిగా నమ్మకండి. క్లస్టర్డ్ ఇండెక్స్ పెట్టినా, మార్చినా అది మారిపోతుంది. చివరి మార్పు ఒక్కటే ఉంటుంది. ఎవరు చేశారో చెప్పదు. అందుకే తర్వాత డీడీఎల్ ట్రిగ్గర్ రాశా. ఎవరు, ఎప్పుడు, ఏ కమాండ్ ఇచ్చారో మూడూ వేరే టేబుల్‌లో పడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే టేబుల్‌కి ఈ రెండు తేదీలే ఉండవు. ఈవెంట్ ట్రిగ్గర్ రాసి మనమే దాచుకోవాలి.

నాన్న పాడేరు సంతకొచ్చినప్పుడు ఫోన్‌లో ఇదంతా చెప్పా. "మన పోడు పట్టాకి కూడా ఇదే కదరా అడిగారు, ఎప్పట్నుంచి అని" అన్నాడు. నిజమే. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచే ఆ భూమి మన చేతిలో ఉందని చూపించాలి. కాగితం ఎక్కడిది మనకి? తాతలు వేసిన గట్లు చూపించారు, పెద్దల వాంగ్మూలం రాయించారు. చట్టం ఆ రెండిటినీ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది కాబట్టి సరిపోయింది. ఆఫీసులో మన తరఫున చెప్పడానికి ఊరి పెద్దలుండరు.

కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, టేబుల్ మార్పులు ఎక్కడ నమోదవుతున్నాయో అడగండి. ఎక్కడా లేకపోతే మీరే మొదలుపెట్టండి. డౌట్లుంటే కింద రాయండి, నాకు తెలిసింది చెప్తా.