సున్నాలు కుదిరినంత మాత్రాన

జూలై 14, కళ్యాణదుర్గం దగ్గర

శెనక్కాయ చేలో ఎర్ర గొంగళిపురుగు లెక్క. ఆకు తిప్పి చూస్తే అడుగున పచ్చదనమంతా గీకేసిన పిల్లపురుగులు, గుంపుగా. ఆ పక్క మొక్కకు ఒక్కటీ లేదు. గట్టు అవతలి చేలో సాళ్లకు సాళ్లు సున్నాలే. అడిగితే రైతు నవ్వాడు: "ఎండాకాలమే లోతుగా దున్నితిమి సార్. నేల్లోని గూళ్లన్నీ పైకొస్తే కాకులు తినె. ఇంక పురుగు యాడ్నించొస్తాది?"

పురుగు తగలక తప్పించుకున్న మొక్కదీ సున్నాయే, పురుగు రానే రాని చేనిదీ సున్నాయే. నా పట్టికలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

జూలై 17, అనంతపురం

సగటున మొక్కకు ఒక పురుగుంటే, పురుగులు గుంపు కట్టకుండా యాదృచ్ఛికంగా పడతాయనుకునే పాయిసాన్ లెక్కన నూటికి 37 మొక్కలు ఖాళీగా ఉండాలి. మా చేలల్లో ఖాళీలు అంతకంటే చాలా ఎక్కువ. అందుకే 1992లో డయాన్ లాంబర్ట్ టంకం లోపాల లెక్కకు వాడిన జీరో ఇన్‌ఫ్లేటెడ్ పాయిసాన్ వేశాను. సున్నాల సంఖ్య అచ్చంగా కుదిరింది. సంతోషించడానికేం లేదు. ఆ మోడల్లో సున్నాల కోసమే ఒక భాగం ఉంది. అక్కడ కుదరకపోతేనే వింత. అసలు పరీక్ష ఒక్క పురుగున్న మొక్కల లెక్క నుంచి మొదలవ్వాలి.

జూలై 18

రూటోగ్రామ్ గీశాను. అంచనా వక్రరేఖ నుంచి నిజం లెక్కల కమ్మీలు, ఒక్కో పురుగుల సంఖ్యకు ఒక్కటి చొప్పున, కిందికి వేలాడతాయి. మోడల్ సరిపోతే అడుగులన్నీ సున్నా గీతను తాకాలి. ఒకటి దగ్గర కమ్మీ గీత దాటి దిగింది. మధ్యలో పైకి తేలింది. తోకలో మళ్లీ దిగింది. పురుగు ఉన్న చోట కూడా పాయిసాన్ ఊహించినంత సమంగా లేదన్నమాట. రెక్కపురుగు గుడ్లు ముద్దగా పెడుతుంది కదా! పాయిసాన్ బదులు ఇలాంటి గుంపులకు చోటిచ్చే నెగెటివ్ బైనామియల్ వేస్తే కమ్మీలు దాదాపు గీతమీద నిలిచాయి.

సున్నాల భాగం ఇంకా అవసరమా? రెండు మోడళ్లను పోల్చే వువాంగ్ పరీక్షతో తేల్చమన్నాడు మిత్రుడు. అదనపు సున్నాల వాటా సున్నా అయితే మామూలు మోడలే మిగులుతుంది. అలా ఒకటి మరొకదాని అంచున ఉన్నప్పుడు ఆ పరీక్ష చెల్లదని పాల్ విల్సన్ 2015లోనే చూపాడు. మోడళ్లను పోల్చే మరో కొలమానం ఏఐసీ ఏది మేలో చెబుతుంది గానీ, మేలైనది సరిపోతుందో లేదో చెప్పదు.

జూలై 20

వేసవి దుక్కి చేశారా లేదా అన్నది సున్నాల భాగంలో చేర్చాను. ఇక చూడని డేటా మీద పరీక్షించాలి. అక్కడొకటి, ఇక్కడొకటిగా మొక్కల్ని పరీక్ష కోసం పక్కన పెడితే మోసపోతాం: ఇరుగుపొరుగు మొక్కల పురుగులు ఒకే గుడ్ల ముద్దవి కావచ్చు. పక్కన పెడితే చేనుకు చేనే పెట్టాలి.