ప్యాస్ అంటే దప్పి

మా ఇంట్లో దప్పిని ప్యాస్ అంటాం. ఆకలిని భూక్ అంటాం. గడప దాటితే తెలుగే. చిత్తూరోళ్లం గాబట్టి సంతలో అరవం కూడా మాట్లాడతాం. బయటికొస్తే నాలుక మార్చుకోవడం మాకు చెప్పులేసుకున్నంత అలవాటు. పెద్దోళ్లకున్న ఈ అలవాటు మూడేళ్ల బిడ్డకు పుట్టుకతోనే వస్తుందనుకున్నాం. అక్కడే తప్పు చేసినాం.

మూడేళ్లు నిండేదాకా వాడు చిత్తూరులో నానీమా ఒళ్లోనే పెరిగినాడు. మేమిద్దరం తిరుపతిలో పని చేస్తా, ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి చూసొచ్చేవాళ్లం. నానీమాకు మోకాళ్లు పట్టేసినాయి. ఇంక లాభం లేదని వాణ్ణి తెచ్చుకుని, మా అద్దింటి పక్క వీధిలో ఉండే అంగన్‌వాడీలో చేర్చినాం.

మొదటిరోజు వాడు గోడ మీది బొమ్మలు చూస్తావుంటే చప్పుడు కాకుండా జారుకున్నాం. చెప్పిపోతే ఏడుస్తాడని భయం. వాడు తిరిగి చూసేసరికి మేం లేం. మరుసటిరోజు గడప దగ్గరే మా కాళ్లు చుట్టేసుకున్నాడు. 'ఏడ్చి ఏడ్చి వాడే సర్దుకుంటాడు' అన్నారు చుట్టుపక్కలోళ్లు. మేమూ నమ్మినాం.

మూడోరోజు తెలిసింది సంగతి. పొద్దుటి నుంచి వాడు 'ప్యాస్ లగ్రీ అమ్మీ' అని ఏడుస్తా ఉన్నాడంట. ఆయమ్మకు అందులో అమ్మీ ఒక్కటే అర్థమైంది. 'అమ్మ వచ్చేస్తుందిలే నాయనా' అని ఓదార్చింది. నీళ్ల బిందె వాడికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

'సాయిబుల పిల్లోడు గదా, ఇంట్లో కొంచెం తెలుగు నేర్పించండి' అన్నారు అక్కడ. తిట్టలేదు. మామూలుగానే అన్నారు. మాకే తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో తురకం బంద్ చేసినాం. 'అమ్మీ కాదు, అమ్మా అను' అన్నాం. వాడు ప్యాస్ అంటే గ్లాసు చేతిలో పట్టుకుని, 'దప్పి అను, ఇస్తాం' అన్నాం. కన్నబిడ్డకు నీళ్లివ్వడానికి షరతు పెట్టినాం. ఇది రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

పది రోజులకు వాడు తెలుగూ మాట్లాడలేదు, తురకమూ మాట్లాడలేదు. ఫోన్‌లో నానీమా ఎంత పిలిచినా పలకలేదు. 'బిడ్డ నోరు ఎవరు కుట్టేసినారు?' అని అడిగిందామె. ఏం చెప్తాం? మేమేనని చెప్పాల.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినాం. ఒకరు మార్చి ఒకరం సెలవు పెట్టి పొద్దున గంటసేపు వాడి పక్కనే కూర్చున్నాం. దొంగతనంగా జారుకోవడం మానేసినాం. 'పోయొస్తాం, నువ్వు అన్నం తిన్నాక వస్తాం' అని మా మాటలోనే చెప్పి, సరిగ్గా ఆ యాళకు పోయినాం. నానీమా పాత ఓఢ్నీ ముక్క సంచిలో పెట్టినాం. కాయితం మీద తెలుగు అక్షరాల్లో అయిదు మాటలు రాసినాం. ప్యాస్ అంటే దప్పి. భూక్ అంటే ఆకలి. నీంద్ అంటే నిద్ర. దర్ద్ అంటే నొప్పి. డర్ అంటే భయం.

జంకుతా జంకుతా ఆయమ్మకిచ్చినాం. ఆమె చదువుకుని నవ్వింది. 'ఇది మొదటిరోజే ఇచ్చింటే నేర్చుకునేదాన్ని గదమ్మా' అనింది.

మేం అడగలేదు. నిజం అదే. అడిగే హక్కుందని కూడా మాకు తోచలేదు. మారాల్సింది ఎప్పుడూ మేమే అని మా అబ్బా, దాదాల కాలం నుంచి నేర్చుకున్నాం. దాన్నే బిడ్డకూ నేర్పబోయినాం.

అంగన్‌వాడీలను నడిపే పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. పేదోళ్ల పిల్లలకు తిండీ, ఆటా పాటా అందాలనేది దాని ఉద్దేశం. భాషాపరంగా తక్కువమందైన వాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. వీలైనచోట అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పాలని 2020 జాతీయ విద్యావిధానం అనింది. 2022లో మన రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాషయింది. ఇన్ని కాయితాలున్నా మా బిడ్డకు నీళ్లు తాపింది మాత్రం ఆ అయిదు మాటల కాయితమే.

సర్దుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు పొద్దున కొంచెం ముఖం ముడుచుకుంటాడు గానీ ఏడవడు. తెలుగు ఎవరూ బలవంతం చేయకుండానే వచ్చేసింది, పక్కన కూర్చునే పిల్లోళ్ల నుంచి. గుడ్డు పెట్టినప్పుడు వాడు అండా అంటాడంట, పక్కపిల్ల కూడా అండా అంటుందంట. ఇంటికొచ్చి మమ్మల్ని అమ్మీ, అబ్బా అనే పిలుస్తాడు.

మా బిడ్డ మీ మాట నేర్చుకుంటాడు. నేర్చుకోవాల కూడా. అందుకు వాడు తన మాట ఎందుకు పోగొట్టుకోవాల? మీరు మాకోసం భాషంతా నేర్చుకోబళ్లేదు. అయిదు మాటలు చాలు.