కంటికి మంచిదని…

సూరత్ నుంచి హజీరా వెళ్ళే దారిలో ఇచ్ఛాపూర్‌లో మా ఇల్లూ, అక్క వాళ్ళ ఇల్లూ పక్కపక్కనే. మా మేనల్లుడికి పన్నెండో ఏట బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపించటం మొదలైంది. కళ్ళజోడు పెట్టినా తేడా లేదు. కంటికి మంచిదని నేనే మందుల షాపులో విటమిన్ ఎ కాప్సూల్స్ కొని తెచ్చాను. డాక్టరు చీటీ లేదు. రోజుకొకటి, నాలుగు నెలలు వేయించాను.

నాకో కారణం ఉండేది. చిన్నప్పుడు మా ఊళ్ళో రేచీకటి వచ్చిన పిల్లలకి విటమిన్ ఎ పోస్తే తగ్గటం చూశాను. అందులో అబద్ధం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు చేశాకే 1970లో ప్రభుత్వం దేశంలో పిల్లలకి దాన్ని పోయించటం మొదలెట్టింది. కానీ అది విటమిన్ లోపం వల్ల వచ్చే రేచీకటి. లేనిది ఇస్తే తగ్గింది.

మా వాడి జబ్బు అది కాదు. రెటీనా డాక్టరు చూసి స్టార్గార్డ్ వ్యాధి అన్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన ఎబిసిఎ4 జన్యువు అందితే వస్తుందట. మా అక్కది మేనరికం. వెలుగుని పట్టే పనిలో వాడిన విటమిన్ ఎ ని సర్దెయ్యటానికి ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను కావాలి. అది పనిచెయ్యకపోతే ఆ విటమిన్ అణువులు రెండేసి కలిసి, విషపు చెత్తగా మారి రెటీనా వెనక పొరలో పేరుకుంటాయి. ఈ జన్యువు లేని ఎలుకలకి విటమిన్ ఎ ఎక్కువగా పెడితే ఆ చెత్త ఇంకా వేగంగా పెరిగిందని 2008లో తేలింది. నేను మందనుకున్నది ఆ చెత్తకి ముడిసరుకు.

ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగినప్పుడు అక్క నా వైపు చూసింది. ఆ నాలుగు నెలల్లో ఎంత నష్టం జరిగిందో కొలవలేం. జరగలేదని నేను చెప్పుకోలేను కూడా.

వంశపారంపర్యంగా వచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసా కూడా రేచీకటితోనే మొదలవుతుంది. 1993లో అమెరికాలో బెర్సన్ బృందం 601 మందిని పరిశీలించి, రోజుకి 15,000 యూనిట్ల విటమిన్ ఎ ఆ జబ్బుని కాస్త నెమ్మదింపజేస్తుందనీ, 400 యూనిట్ల విటమిన్ ఇ చెడు చేసేట్టుందనీ చెప్పింది. చాలామంది ఏళ్ళ తరబడి వాడారు. 2023లో ఆ సమాచారాన్నే జన్యు పరీక్షలతో కలిపి మళ్ళీ చూస్తే విటమిన్ ఎ వల్ల లాభం కనబడలేదు. మోతాదు మించితే కాలేయానికి దెబ్బ, కడుపులో బిడ్డకి ప్రమాదం.

రేచీకటి అనే ఒక్క మాట వెనక వేరువేరు జబ్బులున్నాయి. మీ ఇంట్లో వంశపారంపర్యపు కంటి జబ్బుంటే, సీసా కొనే ముందు జబ్బు పేరు అడగండి. వీలైతే జన్యు పరీక్ష చేయించండి. ఆకుకూరలూ, క్యారెట్లూ మానక్కర్లేదు. సీసాలోది మాత్రం డాక్టరు చెబితేనే.