అమ్మ దిగినా కన్ను చూడండి

మా సుగాలి తండాల్లో ఆటలమ్మ పోస్తే సీత్లా తల్లిని తలుచుకుని, వేపమండలు కట్టి, రోగిని వేరే పడుకోబెడతారు. వేరుగా ఉంచడం మంచిదే. అది గాలిలో అంటుకునే జబ్బు.

పులివెందుల దగ్గరి మా తండాలో చెల్లెలికి పోసింది. పొక్కులు మాడి, నీళ్లు పోసిన వారానికి ఎడమకన్ను ఎర్రబడింది. వెలుగు చూడలేకపోయింది. అక్షరాలు మసకగా ఉన్నాయంది. "అమ్మ వేడి దిగలేదు, పసరు పిండుదాం" అన్నారు పెద్దలు. మా యాడి ఒప్పుకోలేదు. ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

కంటిలోపలి పొర వాచిందన్నారు డాక్టరు. ఇలా కావడం అరుదు. ఆటలమ్మలో కంటికి వచ్చినా చాలావరకు కళ్ళకలకతో పోతుంది. నల్లగుడ్డుకో, లోపలి పొరకో, కంటినరానికో వాపు వస్తే మాత్రం ఆలస్యం చూపునే తీయవచ్చు. చుక్కలు, మాత్రలు వాడాక చెల్లెలి చూపు నిలిచింది.

వెనకటి మశూచి ఎందరి కళ్లనో తీసింది. 1977లో మన దేశం దాన్నుంచి బయటపడిందని ప్రకటించారు. ఆటలమ్మ మాత్రం ఉంది. దాని వైరస్ నరాల్లో దాగి, ఏళ్ల తర్వాత సర్పిగా లేవచ్చు. నుదుటి మీద, ముక్కుకొన మీద పొక్కులు లేస్తే కంటికి ముప్పు.

అయ్యవార్లూ, ఆటలమ్మ తగ్గి బడికొచ్చిన బిడ్డ బోర్డు చూడలేక కన్ను చిట్లిస్తే కసరకండి. జమ్మలమడుగైనా, ప్రొద్దుటూరైనా, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పంపండి. మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు.