పీవీఏ నల్లగా అంటుకుంటోందా? నాజిల్‌ని తిట్టకండి

మేం నలుగురం ఇప్పగింజల పొట్టు తీసే మిషన్‌కి మోడల్ ప్రింట్ చేస్తున్నాం. లోపలి గొట్టం వంపు తిరిగి ఉంటుంది, అందులో చెయ్యి పట్టదు. అందుకే నీళ్లలో కరిగే పీవీఏ సపోర్ట్ పెట్టాం. రెండో రోజుకే నాజిల్ చుట్టూ నల్లటి జిగురు, తెల్లటి పీఎల్ఏ మీద దాని మచ్చలు. "హాస్టలోళ్లు మిషన్ పాడుచేశారు" అన్నారు ల్యాబ్‌లో. ఆ మాట పడి ఊరుకోలేక కారణం వెతికాం.

పీవీఏ గాలిలోని తేమను పీలుస్తుంది, వానాకాలం మరీనూ. తడిసిన దారం నాజిల్‌లో చిటపటమంటుంది, బుడగలొచ్చి కారుతుంది. ఇంకో నాజిల్‌లో పీఎల్ఏ నడుస్తున్నంతసేపూ ఇది వేడిమీద ఊరికే కూర్చుంటుంది కదా, అప్పుడే బెల్లంపాకంలా మాడుతుంది.

చుట్టని 45-50 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెట్టాం. సిలికా జెల్ వేసిన మూత డబ్బాలోంచే దారం నడిపాం. ల్యాబ్‌లో ముందునుంచీ ఉన్న 215 డిగ్రీల్ని 200కి దించాం, ఖాళీగా ఉన్నప్పుడు 175. మూసుకున్న నాజిల్‌లోకి పీఎల్ఏ తోసి, 90కి చల్లార్చి లాగితే మసంతా దాని కొసకి అంటుకుని వచ్చింది. మిగిలినదాన్ని వేడినీళ్లలో నానబెట్టాం. బొగ్గైపోయింది మాత్రం కరగదు, ఇత్తడి బ్రష్‌తో రుద్దాల్సిందే.

ఆ గొట్టం నిన్న నీళ్లలో వేశాం. సపోర్ట్ ఇంకా కరుగుతోంది.