థైరాయిడ్ మాత్ర, పొద్దుటి కాఫీ

పొద్దున్నే వదిన ఫోన్.
"రాత్రంతా ఒంట్లోంచి ఆవిర్లే. దుప్పటి కప్పుకుంటే చెమట, తీస్తే చలి. నెలసరి ఆగాక ఇంతేనంటున్నారు. మరి థైరాయిడ్ మాత్ర వేసుకుంటూనే ఉన్నా కదా, ఈ నీరసమేంటే?"

"దేంతో వేసుకుంటున్నావు వదినా?"
కాఫీతోనట. పక్కనే కాల్షియం మాత్ర కూడా.

మనసు చివుక్కుమంది.
ఇన్నేళ్లుగా మందు వాడుతున్న మనిషికి ఈ ఒక్క మాట కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు!

థైరాక్సిన్ మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట ఆగాకే. కాల్షియం, ఐరన్ మాత్రలకైతే 4 గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. మెనోపాజ్‌కి మంచిదని సోయా పాలు తాగేవాళ్లూ అంతే, మాత్ర దగ్గర్లో వద్దు.

నీరసం, బరువు, నిద్రలేమి, చిరాకు... థైరాయిడ్ తగ్గినా, మెనోపాజ్ వచ్చినా ఇవే. ఏది దేనివల్లో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించకుండా తేల్చలేం.

ఎముకల కోసం మధ్యాహ్నం రాగిజావ, పెరుగు, నువ్వులపొడి తినమన్నా. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. థైరాయిడ్‌కి పడదని క్యాబేజీ పూర్తిగా మానేసిందట, పాపం! ఉడికించి మామూలుగా తింటే భయం లేదు. ఆవిర్లకి రాత్రిపూట కారం, కాఫీ తగ్గించి చూడమన్నా, కొందరికి ఉపశమనంగా ఉంటుంది. తగ్గకపోతే డాక్టర్ దగ్గర మందులున్నాయి. ఓర్చుకుంటూ కూర్చోవాల్సిన పనిలేదు.

మీ అమ్మనీ అత్తయ్యనీ అక్కనీ ఇవాళే అడగండి, మాత్ర ఎప్పుడు, దేంతో వేసుకుంటున్నారో.
ఏం చెప్పారో ఇక్కడ రాయండి.